బిరడాలకు పొడిచిన కన్నాలు

నాకు అక్షరాలు అరవై మూడో ఏట వచ్చాయి. ఇది ఇంతకు ముందు రాయలేకపోవడానికి కారణం అదే. మలయా దేశంలో మేముండే కూలీల తోటలో బడి ఉండేది. రేకుల షెడ్డు, ఒక పంతులు, ఆయన చెప్పేది తమిళం. నేను ఆ షెడ్డు బయట తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడేదాన్ని. వాడు నిద్రపోతే లోపల పిల్లలు చదివేది వినపడేది. ఏడిస్తే దూరంగా తీసుకుపోవాలి. వాడు ఎక్కువగా ఏడ్చేవాడు. తరవాత పని, పెళ్ళి, మళ్ళీ పని. ఇపోలో కూతురింటికి చేరాక, గుడి వెనక గదిలో ఆదివారాలు పిల్లలకి తెలుగు నేర్పుతున్నారంటే మనవరాల్ని దింపడానికి వెళ్ళి నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాను. రెండు నెలలకి మనవరాలు మానేసింది. నేను మానలేదు.

ఇప్పుడు రోజుకో పేజీ రాస్తాను. అర పేజీ అయ్యేసరికి వేళ్ళు నొప్పెడతాయి. పంతులమ్మ వినాయకుడి గురించి రాయమంది. రాశాను. ఆ తరవాత ఇది మొదలుపెట్టాను.

సుంగై సుమున్ దగ్గర కొబ్బరితోటలో ఉండేవాళ్ళం. మా ఆయన కల్లు గీసేవాడు. పూలగెలని తాడుతో బిగించి కట్టి, కొయ్యతో తట్టి తట్టి, చివర పల్చగా కోసి కుండ తగిలించేవాడు. తెల్లారగానే దించి తోటలోని కల్లు దుకాణంలో పోసేవాడు. ఒక వానాకాలం చెట్టు మీంచి పడ్డాడు. తోట ఆసుపత్రిలో కాలు కట్టారు గానీ అది వంకరగా అతుక్కుంది. ఇక చెట్టెక్కడం లేదు. తోటలో పనిచేసే చెయ్యి ఉంటేనే ఇల్లు. లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, మా ఇంటిని ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. అదృష్టం కొద్దీ నేను అప్పటికే దొర బంగళాలో గిన్నెలు తోముతున్నాను. బంగళా వెనక, కట్టెలు పెట్టే గది ఖాళీ చేసి మాకిచ్చారు. నా పని ఉన్నంతకాలం ఆ గది ఉంటుంది. నా పని పోతే, కుంటికాలి మనిషిని పట్టుకుని ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. మాకప్పటికి పిల్లల్లేరు.

అది ఎమర్జెన్సీ కాలం, తెల్లదొరల మీద కమ్యూనిస్టులు అడవిలోంచి తిరగబడ్డ రోజులు. మలాయ్ వాళ్ళు దరురాత్ అనేవారు. మావాళ్ళు 'అడవోళ్ళ గోల' అనేవారు. తోట వెనక చిత్తడి అడవిలో తుపాకీల వాళ్ళు దాగి ఉన్నారని లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. సాయంత్రం ఆరింటికి గేటు మూసేవారు. బంగళా ఉన్న దిబ్బ చుట్టూ ఇంకో కంచె, దానికి కాపలా కాన్‌స్టేబుళ్ళు. బంగళాలో వంట చేసే చీనా ముసలాయన్ని ఇంటిల్లిపాదితో సహా, చీనావాళ్ళ కోసం కంచె వేసి కట్టిన కొత్త ఊరికి తరలించారు. అక్కణ్ణుంచి రోజూ రానివ్వలేదు. అలా వంటా, సామాన్ల గది తాళాలూ నాకొచ్చాయి.

అడవిలోకి తిండి పోకూడదని మరో కట్టడి. కొట్లో పాలడబ్బా కొన్నా, చేపల డబ్బా కొన్నా, మన కళ్ళముందే మేకు పెట్టి సుత్తితో కన్నం పొడిచి ఇచ్చేవారు. కన్నం పడిన డబ్బా రెండు రోజులకి పాడవుతుంది, దాచడానికి పనికిరాదు. మొదటిసారి నేను కొట్టు చీనా ఆయనతో గొడవపడ్డాను.

"ఏం తౌకే, నా పాలు పాడుచేస్తావేం?"

"నా మీద అరవకు. గవర్నమెంటు మీద అరుచుకో" అని ఇంకో డబ్బాకి మేకు దించాడు. "రేపు గుడ్లకి కూడా కన్నం పెట్టమంటారు లా, అప్పుడొచ్చి చూడు." మాట చివర 'లా' తగిలించడం ఆ దేశంలో అందరికీ అలవాటు.

మా దొర ఇంగ్లీషాయన కాదు, ఫ్రాన్సు దేశం వాడు. దొరసాని ఈ ఉక్క భరించలేక ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆయన తమిళం పుస్తకంలోంచి నేర్చుకున్నది. ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టు వచ్చేది. ముందు గదిలో గోడ మీద ఒక ఫోటో ఉండేది. రెండు మొనదేలిన గోపురాల రాతి ఇల్లు, ముందు దువ్వినట్టు వరసలు వరసలుగా పొట్టి మొక్కలు. అది వాళ్ళ ఇల్లు. ఆ మొక్కలు ద్రాక్ష. ఏడు తరాలుగా అక్కడ ఎర్ర వైను చేస్తున్నారట. ఏటా వాళ్ళమ్మ చెక్కపెట్టెలో కొన్ని సీసాలు ఓడ మీద పంపేది.

ఆ సీసాలే నా పనిలో సగం. మెట్ల కింద ఇటుక గదిలో, చెక్క అరల మీద పడుకోబెట్టి ఉండేవి. వాటికి చల్లదనం కావాలి. ఈ దేశంలో చల్లదనం ఎక్కడిది? గోడలకీ అరలకీ గోనెపట్టాలు వేలాడదీసి, పొద్దునా మధ్యాహ్నమూ వాటిని తడపాలి. బావి దిబ్బ కింద, కంచెకి బయట. పూటకి ఆరు బిందెలు. దిగేటప్పుడు మోకాళ్ళు, ఎక్కేటప్పుడు నడుము. ఆ సీసాల్లోది ఆయన ఆదివారం మధ్యాహ్నం ఒక గ్లాసు తాగేవాడు, అంతే. ఒక్క గ్లాసు కోసం వారమంతా నీళ్ళు మోస్తున్నానని మా ఆయనతో అంటే నవ్వేవాడు.

"మన కల్లు పొద్దున్న పుట్టి సాయంత్రానికి సస్తాది. ఆళ్ళ కల్లుకి ఉయ్యాల, పక్కబట్టలు, నువ్వు ఆయమ్మ."

ఒకసారి ఇపో నుంచి నల్లద్రాక్ష వచ్చింది. నేను కడుగుతూ, మనసులో ఉన్న మాట అడిగేశాను. "దొరా, అంత ఎరుపు రావడానికి అందులో ఏం రంగు కలుపుతారు?"

ఆయన చాలాసేపు నవ్వాడు. ఒక పండు తీసి వేళ్ళతో నొక్కాడు. లోపలి గుజ్జు తెల్లగా, నీళ్ళలాగ ఉంది. తరవాత ఆ తొక్కని నా అరచేతిలో పెట్టి రుద్దాడు. చెయ్యి ఎర్రబడింది. "రంగంతా ఇక్కడ ఉంది. తొక్క తీసేస్తే ఎర్ర వైను లేదు."

ఆ రోజు ఆయన చెప్పిందంతా నాకింకా గుర్తుంది, ఎందుకంటే అది నాకు పనిలాగే అర్థమైంది. ఎండాకాలం పోతూండగా కోత. ఆడవాళ్ళు వరసల మధ్య వంగి కత్తెరతో గుత్తులు కోస్తారు. మగవాళ్ళు వీపు మీద గంపలతో మోస్తారు. తొక్కలతో సహా చితక్కొట్టి మనిషి ఎత్తు చెక్కతొట్లలో పోస్తే రెండు రోజులకి దానంతటదే పొంగుతుంది. తొక్కలు పైకి తేలి మూతలాగ గట్టిపడతాయి. ఆ మూతని రోజూ కర్రలతో కిందికి కుమ్మాలి, లేకపోతే రంగు దిగదు. రెండు మూడు వారాలు అలా కుమ్మాక రసాన్ని అడుగు నుంచి తీసి, మిగిలిన తొక్కల్ని మరలో పిండి, పీపాల్లో పోస్తారు. పీపా చెక్క కొంచెం కొంచెం తాగేస్తుందట. అందుకని వారం వారం నింపుతూ ఉండాలి. చివర్లో కోడిగుడ్ల తెల్లసొన గిలకొట్టి పీపాలో పోస్తే, అది మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. ఒక్కో పీపాకి ఐదారు గుడ్లు.

"మరి పచ్చసొన ఏం చేస్తారు?"

ఆయన వేళ్ళు తుడుచుకున్నాడు. "తీపి వండుతారు. నన్నిది ఎవరూ అడగలేదు."

"అక్కడ కూడా లైన్లుంటాయా దొరా? కోసేవాళ్ళకి?"

"పశువుల కొట్టం మీద గడ్డి పరుచుకుని పడుకుంటారు." ద్రాక్షగుత్తి వైపు చూస్తూ, "నేనెప్పుడూ అక్కడ పడుకోలేదు" అన్నాడు.

అరల్లో చివరి వరసలో ఆరు సీసాలకి మెడ మీద ఎర్రలక్క ఉండేది. వాటిని ఆయన ఆదివారాలు కూడా ముట్టుకునేవాడు కాదు. యుద్ధం ముందు వాళ్ళ నాన్న చేసిన ఆఖరి కోత అది. ఆ శీతాకాలమే ఆయన పోయాడు. జర్మనీ సిపాయిలు ఊళ్ళోకొస్తున్నారని వాళ్ళమ్మ ఆ సీసాల ముందు గోడ కట్టించి, బూజు అంటించి పాతగోడలా కనిపించేలా చేసిందట. యుద్ధం అయ్యాక గోడ పగలగొట్టి ఈ ఆరూ కొడుక్కి పంపింది.

మెర్దేకా, అంటే స్వతంత్రం, వస్తుందని అందరూ అనుకుంటున్న ఏడాది మొదట్లో దొరకి తంతి వచ్చింది. అమ్మకి జబ్బు. ఆరు నెలల సెలవు పెట్టాడు. వెళ్ళేముందు నన్ను మెట్ల కింద గదికి పిలిచాడు. పెద్ద కిరాణి కూడా ఉన్నాడు. ఆఫీసు లెక్కలన్నీ చూసే మలయాళీ ఆయన. మా గది ఖాళీ చేయించి కాన్‌స్టేబుళ్ళకి ఇవ్వాలని ఆయన నాలుగు నెలలుగా అడుగుతున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, దొరకీ తెలుసు.

"మొత్తం పద్దెనిమిది సీసాలు" అన్నాడు దొర. "రోజుకి రెండుసార్లు తడుపు. నిలబెట్టవద్దు. కదపవద్దు. నేను తిరిగి వచ్చే వేళకి ఇవి ఇలాగే ఉంటే, ఆ గది మీదేనని కాగితం రాసి ఆఫీసులో పెడతాను. నీ భర్త పని చెయ్యకపోయినా సరే."

కిరాణి నేల చూశాడు. నేను తల ఊపాను. ఎందుకు నిలబెట్టకూడదో, ఎందుకు కదపకూడదో అడగలేదు. దొరల మాటకి ఎందుకని ఎవరం అడిగేవాళ్ళం? రంగు సంగతి అడిగానంటే, అది నోరు జారి అడిగింది.

మూడు నెలలు బాగానే జరిగాయి. ఆరు బిందెలు, మళ్ళీ ఆరు బిందెలు. రాత్రి భుజాలు కదిలేవి కావు. మా ఆయన కొబ్బరినూనె కాచి రాసేవాడు. ఆ తరవాత చిత్తడి వైపు కాల్పులు జరిగి కర్ఫ్యూ పెట్టారు. ఐదు రోజులు ఎవరూ కంచె దాటకూడదు. తాగేనీళ్ళు లారీ మీద తెచ్చి మనిషికింతని పోసేవారు. మొదటి రోజు మా వంతులో సగం గోనెల మీద చల్లాను. రెండో రోజు మా ఆయన పెదాలు ఎండిపోవడం చూసి ఆపేశాను. ఆ ఐదు రోజులూ ఒక్క చినుకు పడలేదు. బంగళా పెంకులు పేలతాయేమో అనిపించింది.

ఆరో రోజు గేటు తీశారు. రెండు బిందెలు మోసుకొచ్చి గది తలుపు తీసేసరికి వాసన కొట్టింది. పుల్లగా, తియ్యగా, అచ్చం కల్లు దుకాణం వెనక వచ్చే వాసన. ఒక సీసా బిరడా అర వేలెడు పైకి లేచి ఉంది. ఎర్రటి చారిక అర మీంచి ఇటుకల దాకా కారింది. ఇంకో రెండు బిరడాలు కూడా కొంచెం ఉబ్బినట్టున్నాయి.

బిందెలు అక్కడే దించి మా ఆయన్ని పిలిచాను. కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగి వాసన చూశాడు. కల్లు విషయంలో ఆ తోటలో అతని మాటకి తిరుగులేదు.

"పొంగుతున్నాదే ఇది."

"ఏళ్ళ కిందటిది ఇప్పుడు పొంగడమేటి?"

"కల్లు కల్లే. ఏ దేశంలో పుడితేటి? ఎండ తగిల్తే లేస్తాది. మా సిన్నాన్న సంగతి మర్సిపోనావా? పెళ్ళికని సోడా సీసాలో కల్లు పోసి, గట్టిగా మూతెట్టి సైకిలుకి కట్టినాడు. సగం దారిలో పేలినాది. కన్ను పోనాది."

"అయితే ఇయన్నీ..."

"ఒకటి పేలితే పక్కది పేలతాది. పద్దెనిమిదీ పోతాయి."

పద్దెనిమిదీ పోతే గది పోతుంది. ఆ మాట ఇద్దరం అనలేదు. అతను నేల మీద కూలబడి, వంకరకాలు చాపుకుని, అరల వైపు చూస్తూ ఉండిపోయాడు. కల్లు కుండకి ఎవరూ బిరడా బిగించరు. కొబ్బరిపీచు ఉండ పెడతారు. పురుగు పడకుండా ఉంటుంది, ఊపిరీ పోతూ ఉంటుంది. అతనికి తెలిసిన పద్ధతి అది.

"బిరడాలు తీసెయ్యలేం" అన్నాను. "తీసినట్టు దొరకి తెలిసిపోద్ది. మళ్ళీ పట్టవు."

"తియ్యొద్దు. డబ్బాకి ఏటి సేస్తున్నారు కొట్లో?"

అంతే, ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పాలడబ్బాకి మేకుతో కన్నం పొడిచినా పాలు ఎక్కడికీ పోవు. సన్నటి కన్నం చాలు, ఊపిరి తీసుకుంటుంది. పాడవాలనే ఆ డబ్బాలకి కన్నం పొడుస్తున్నారని నాకు తెలుసు. తెలిసీ ఆ గదిలో గుర్తు రాలేదు. భయంలో సగం మాటే గుర్తొస్తుంది.

పాత సైకిలు పుల్ల ఒకటి పొయ్యిలో ఎర్రగా కాల్చాడు. నేను ఒక్కో సీసానీ నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. అతను బిరడా నడుమ పుల్ల దించేవాడు. కాలిన చెక్క వాసన వచ్చేది. లక్క సీసాల దగ్గరికొచ్చేసరికి నేను సీసాని వెనక్కి లాక్కున్నాను.

"ఇయి వద్దేమో మావా. ఆళ్ళ నాన్న సేసినయి."

"అందుకే ముందు ఇయి కాపాడాల. పట్టుకో గట్టిగా."

ఒక్క సీసా నుంచి కూడా బుస్సుమని రాలేదు. ఒక్కదాంట్లోనూ నురగ లేదు. మేమది చూశాం. "టయానికి సేసినాం, సల్లారినాయి" అన్నాడు అతను. నేను నమ్మాను. కన్నాల్లో పీచు కూరి, కారకుండా అన్నింటినీ నిలబెట్టాను. దొర నిలబెట్టొద్దన్న మాట గుర్తొచ్చి మళ్ళీ అడిగాను.

"పడుకోబెడితే కారిపోవా? దొరొచ్చినాక సెప్పుదాం లే. మెచ్చుకుంటాడు. నువ్వు లేకపోతే బంగళా పేలిపోయేదని సెప్తాను."

ఊపిరి బయటికి పోవడానికి దారి అనుకున్నాం. గాలి లోపలికి రావడానికీ అదే దారని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ తరవాత మూడు నెలలు నేను గోనెలు తడపడం ఒక్క పూట కూడా మానలేదు. జ్వరం వచ్చిన రెండు రోజులు మా ఆయన ఒంటి కాలి మీద, చెంబులతో మోశాడు. పులిసిన వాసన కొంచెం ఉండేది. కారిన సీసాదే అనుకున్నాను. అంత కష్టపడి నేను కాపలా కాసింది చుకాకి, వంటలో వేసుకునే పులుపు నీళ్ళకి.

మెర్దేకాకి నాలుగు రోజుల ముందు దొర తిరిగొచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. అమ్మ పోయింది. ఇల్లూ ద్రాక్షతోటా ఎవరో వ్యాపారికి అమ్మేశారు. అన్నదమ్ములు పంచుకున్నారు. కంపెనీ కూడా ఈ తోటకి కొత్త దొరని పంపుతోంది, వచ్చే నెలాఖరు దాకానే ఈయన. ఇదంతా టీ తాగుతూ నాకే చెప్పాడు. చెప్పడానికి ఇంకెవరూ లేరు కాబోలు.

"మా ఇంటి వైను ఇక లోకంలో నాకు మిగిలింది ఆ మెట్ల కింద ఉన్నదే."

"దొరా, ఆ సీసాల సంగతి ఒకటి చెప్పాలి."

"అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి. కాకపోతే..."

"తరవాత. ఇప్పుడు పడుకుంటాను." రెండోరోజూ అడిగాను. ఆఫీసు మనుషులు వచ్చారు. మూడోరోజూ అంతే. నాకు మెచ్చుకోలు కావాలి. అందుకని తలుపు దగ్గర నిలబడి చెప్పే మాటగా చెప్పడం ఇష్టం లేకపోయింది. అది నిజం, రాస్తున్నాను.

మెర్దేకా రోజు తోటకి సెలవు. లైన్ల గేటు పొద్దంతా తెరిచి ఉంచారు. పిల్లలు కాగితం జెండాలతో బంగళా దిబ్బ దాకా పరిగెత్తుకొచ్చి, కాన్‌స్టేబుల్ని చూసి ఆగిపోయారు. ఆయన రమ్మని చెయ్యి ఊపాడు, అయినా రాలేదు. మధ్యాహ్నం దొర తన వరండాలోకి ఎప్పుడూ పిలవని వాళ్ళని పిలిచాడు. పెద్ద కిరాణి, ఆసుపత్రి డ్రెస్సరు, బడి పంతులు, కాన్‌స్టేబుళ్ళ పెద్ద. అందరూ ఇస్త్రీ బట్టల్లో కుర్చీల అంచున కూర్చున్నారు.

"లక్క సీసాలు తీసుకురా. ఆరూ" అన్నాడు.

పళ్ళెంలో నిలబెట్టి తెచ్చాను. ఆయన మొదటి సీసా చేతిలోకి తీసుకున్నాడు. పీచు చూశాడు. వేలితో లాగాడు. లక్క మధ్య నల్లటి కన్నం. నా వైపు చూశాడు. అందరూ గ్లాసులు పట్టుకుని ఉన్నారు. బిరడా తీసి పోశాడు. ఎరుపు లేదు. ఇటుకపొడి కలిపిన నీళ్ళలాగ ఉంది. కాన్‌స్టేబుళ్ళ పెద్ద మలాయ్ సాయిబు, తాగడు కాబట్టి ఆయనకి నేను నారింజ షర్బత్తు పోశాను. ఆ పూట సుఖపడింది ఆయనొక్కడే.

కిరాణి ముందుగా పెద్ద గుటక వేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఫస్ట్ క్లాస్ సార్. నా జన్మలో ఇలాంటిది తాగలేదు."

డ్రెస్సరు దగ్గు ఆపుకున్నాడు. "మంచి మందులా ఉంది సార్. కడుపుకి మంచిది."

"మాకు అలవాటు లేదు గానీ" అన్నాడు పంతులు, గ్లాసు చాలా జాగ్రత్తగా కింద పెడుతూ, "గొప్పవాళ్ళ రుచి ఇది, లా."

కిరాణి చివరి చుక్క దాకా తాగాడు. దొర కూడా తన గ్లాసు పూర్తిగా తాగాడు. రెండో సీసా తీశాడు, వాసన చూసి పక్కన పెట్టాడు. మూడోది. నాలుగోది. ఆరూ తీశాడు. తరవాత మామూలు గొంతుతో, "ఇవి పాడయ్యాయి. క్షమించండి. బ్రాందీ తెప్పిస్తాను" అన్నాడు. కిరాణి ఖాళీ గ్లాసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక కొబ్బరిచెట్లు చూశాడు.

అందరూ వెళ్ళాక దొర వంటింట్లోకి వచ్చాడు. అంతకు ముందు ఆయన అక్కడ కూర్చోగా నేను చూడలేదు. బియ్యండబ్బా మీద కూర్చున్నాడు.

"ఎవరు?"

"నేనే" అన్నాను.

వెనక గుమ్మంలోంచి మా ఆయన కర్ర చప్పుడు. "అది కాదు దొరా, నేను. దానికేటీ తెలీదు. పుల్ల నాదే, సెయ్యి నాదే."

"నోరుముయ్యి. తాళం నా దగ్గరున్నాది" అన్నాను.

"తాళముంటే? కల్లు సంగతి నీకేటి తెలుసు?"

"నీకేటి తెలుసు మరి?"

దొర చెయ్యెత్తాడు, ఆగాం. మొత్తం చెప్పాను. కర్ఫ్యూ, వాసన, చిన్నాన్న కన్ను, పాలడబ్బా. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక మెల్లగా అన్నాడు. "మాది పేలదు. పొంగడం తొట్టిలోనే అయిపోతుంది. సీసాలో పోసేటప్పటికి అది చల్లబడి రెండేళ్ళు. ఎండకి ఉబ్బింది అంతే. ఒక సీసా పోయేది. మిగతావి ఉండేవి."

"ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు దొరా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "చెప్పలేదు" అన్నాడు. "తొట్టి గురించి చెప్పాను. గుడ్ల గురించి చెప్పాను. ఇది చెప్పలేదు."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. గది కాగితం. ఓడలోనే రాశాడట, సంతకం ఒక్కటే తక్కువ. కాసేపు దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. "కిరాణి ఇప్పుడే మెట్ల దగ్గర మళ్ళీ అడిగాడు, ఆ గది" అన్నాడు. కాగితం చింపలేదు. సంతకమూ పెట్టలేదు. మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు చూద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపమైనా ఉంటే బతిమాలేదాన్ని. అలిసిపోయిన మనిషి రేపు చూద్దామంటే ఏమిటో నాకు తెలుసు. నేను రోజూ అనే మాటే అది.

మా గదిలో మా ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లైన్ల వైపు నుంచి డప్పులు వినబడుతున్నాయి.

"మెచ్చుకుంటాడన్నాను కదే నేను" అన్నాడు.

"అన్నావు."

"ఇప్పుడేటి సేద్దాం?"

"పడుకో."

అతను పడుకున్నాడు. నేను చాలాసేపు కూర్చుని లెక్కేసుకున్నాను. ఆ గది ఒకరి కాగితం మీద నిలబడితే, ఇంకొకరి కాగితంతో పోతుంది. దొర సంతకం పెట్టినా ఆయన వెళ్ళిపోయాక దాన్ని ఎవరు చూస్తారు? లైన్లలో ఇల్లు అలా కాదు, పని చేసే చెయ్యికి ఇస్తారు. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి మా ఆయనది అనుకున్నాం.

మర్నాడు చీకటుండగానే లేచి, బంగళా తాళాలు వంటింటి బల్ల మీద పెట్టి దిబ్బ దిగాను. ఆఫీసు ముందు మైదానంలో హాజరు పిలుస్తున్నారు. స్వతంత్రం వచ్చిన మర్నాడు కూడా జనం అవే వరసల్లో నిలబడ్డారు, కొందరు నిద్రమొహాలతో. ఆడవాళ్ళ కలుపు ముఠా వరస చివర నేనూ నిలబడ్డాను. కూలీల మేస్త్రి, కంగాణి, లాంతరెత్తి చూశాడు.

"ఏటమ్మా, బంగళా మహారాణీ, దారి తప్పినావా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పేరు ఎక్కించు అన్నా. కలుపు పనికి. ఇల్లు నా పేరు మీద కావాల."

"నీ పేరు మీదా? ఆడు లేడా?"

"ఉన్నాడు. నా ఇంట్లో ఉంటాడు."

అతను కిరాణి గది వైపు చూసి, తల గోక్కున్నాడు. "కాలవ పక్కన ఒకటే ఉన్నాది. రేకు కారతాది."

"కారనీ."

పేరు ఎక్కించుకుని ఒక చంగుళు నా చేతికిచ్చాడు, పొడుగు కర్రకి వెడల్పాటి రేకున్న పార. వెలుగొచ్చేసరికి మా ముఠా తోటలో ఆఖరి బ్లాకుకి చేరింది. గడ్డి తడిగా ఉంది. మొదటి చెట్టు చుట్టూ చెక్కి, రెండో చెట్టు దగ్గరికి వెళ్ళాను.